జోగారావు వద్దన్నవి

సూరాడ జోగారావు, ఫరీదా ఒకే సోమవారం రాజీనామా ఇచ్చారు. ఇద్దరి ఉత్తరాలూ కలిపినా ఐదు వాక్యాలకు మించలేదు. మర్నాటికి ఆ సంగతి దేశదేశాల్లో పాకిపోయింది. విశాఖపట్నం మధురవాడలో ఒక మూడంతస్తుల మేడలో నడిచే 'గవ్వ' అనే గేమ్ స్టూడియో పేరు బయటివాళ్లకు తెలిసిందంటే ఆ ఇద్దరి వల్లే. జోగారావు ఆటను ఊహించేవాడు. ఫరీదా బొమ్మలు వేసేది. తొమ్మిదేళ్లలో వాళ్లు చేసినవి 'రేవు' పేరుతో మూడు ఆటలే. అందులో ఆడేవాళ్ల చేతికి తుపాకీ ఇవ్వరు, ఒక చిన్న రేవు అప్పజెబుతారు. పడవలు వస్తాయి, పోతాయి, పొగమంచు పడుతుంది, ఎవరో ఒకరు ఆలస్యమవుతారు. వాళ్లకోసం దీపం వెలిగించి చూడాలి. రేవు దాటి వెళ్లినవాళ్లు ఎంత ఆలస్యమైనా తిరిగి వస్తారు. అభిమానులకు ఆ ఆటల్లో ప్రాణప్రదమైన సంగతి అదే.

"ఇంక గవ్వలో ఏముంది, గుల్ల తప్ప?" అని ఎవరో రాశారు. దాన్ని వేలమంది పంచుకున్నారు.

గుల్లలో నలభై రెండు మంది మిగిలారు. వాళ్లలో హైమ ఒకతె. ఆటలో దారులూ మలుపులూ కట్టే జట్టుకు పెద్ద. జోగారావు భార్య.

"నువ్వు మానేసేవని నేనూ మానెయ్యాలా?" అని ఆమె ఇంట్లో అడిగింది.

"నేనలాగన్నానా?" అన్నాడు జోగారావు. "నాకు విసుగొచ్చీసింది హైమా. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎవరో ఏదో తెస్తారు, నేను వద్దంటాను. బాగుచేసి తెస్తారు, మళ్లీ వద్దంటాను. ఆరేళ్లుగా నేను చేసిన పనేటి? వద్దనడం."

ఫరీదా కలంకారీ అద్దకం నేర్చుకోవడానికి పెడన వెళ్లిపోయింది. జోగారావు ఫిషింగ్ హార్బరు వెనక చెక్కపడవలు కట్టే చోట పనివాడుగా చేరాడు. నలభై ఏళ్లు వచ్చాక ఉలి పట్టడం నేర్చుకుంటున్నాడు.

ఆ శుక్రవారం స్టూడియో యజమాని పద్మనాభరాజు అందరినీ కింద హాల్లో కూర్చోబెట్టాడు.

"మనుషులు వెళ్లారండి. వాళ్ల తూకం వెళ్లలేదు. అది మన దగ్గరే ఉంది," అన్నాడు. "ఎస్తేరమ్మా, చూపించు."

ఎస్తేరు స్టూడియోలో యంత్రాల పని చూసే ఇంజినీరు. ఆరేళ్ల కిందట ఆమె తయారు చేసిన చిన్న బిళ్లను అందరూ పనివేళల్లో చెవి వెనక అంటించుకునేవారు. కొన్నాళ్లకు అది ఉందన్న సంగతే మరిచిపోయారు. ఎవరేం తయారు చేస్తున్నారో ఆ బిళ్లకు అక్కర్లేదు. మనిషి ఒకదాన్ని చూసి కాదనుకునే క్షణాన్ని పట్టుకోవడమే దాని పని. ఊపిరి ఎక్కడ ఆగింది, చూపు ఎక్కడ నిలిచింది, నాడి ఎలా మారింది, ఆ తర్వాత నోటివెంట 'వద్దు' వచ్చిందా లేదా. జోగారావువీ ఫరీదావీ కలిపి అలాంటి క్షణాలు నలభై వేలు పోగయ్యాయి. వాటినుంచి పుట్టిన యంత్రానికి ఎస్తేరు 'ఒరవడి' అని పేరు పెట్టింది.

ఆమె తెరమీద ఒక దృశ్యం పెట్టింది. రేవుగట్టు మీద లాంతరు, పక్కన నీలం చీరలో ఒక ముసలామె.

"వద్దు," అని అక్షరాలు కనిపించాయి. లాంతరు చుట్టూ సన్నటి గీత పడింది.

ఎస్తేరు లాంతరు వెలుగు సగానికి తగ్గించింది. మళ్లీ వద్దు. లాంతరు తీసేసి, ముసలామె చేతికి టార్చిలైటు ఇచ్చింది. ఈసారి ఒరవడి ఏమీ అనలేదు.

హాల్లో చాలామంది ఒకేసారి నవ్వారు. జోగారావు సరిగ్గా ఇలాగే చేసేవాడు. హైమ నవ్వలేదు. ఆ లాంతరును చూడగానే ఆయనేమంటాడో ఆమెకు ముందే తెలుసు. యంత్రం కూడా అదే అనేసరికి తన పక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టయింది.

"నాలుగో రేవు హైమగారు నడిపిస్తారు," అన్నాడు పద్మనాభరాజు. "ఒరవడి వద్దన్నది ఏదీ ఆటలోకి పోదు. అది ఒక్కటే షరతు."

మొదటి నెలల్లో అందరికీ అది సరదాగానే ఉండేది. హైమ ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "ఇవాళ నువ్వు పంతొమ్మిది వద్దన్నావు," అనేది.

"ఏటేటి?" అనేవాడు జోగారావు, వేళ్లకు గుచ్చుకున్న పేళ్లు తీసుకుంటూ.

"గుడిగంట వద్దన్నావు. గొడుగుల సీను వద్దన్నావు."

"గొడుగులెందుకు వద్దన్నాను? బానే ఉంటాయి కదా?"

"నాకేం తెలుసు, నిన్నే అడగాలి."

తొమ్మిదేళ్ల కూతురు చిత్ర పడీ పడీ నవ్వేది. "నాన్నకి ఆఫీసులో ఒక నాన్న ఉన్నాడు," అని బళ్లో కూడా చెప్పింది.

పడవల చోట మేస్త్రీ రోజూ జోగారావు చేసిన పలకను చూసి పక్కన పడేస్తున్నాడు. వంకరగా వస్తోంది. అయినా జోగారావు ముఖంలో ఏళ్ల తరబడి లేని నెమ్మది కనిపించేది. భోజనం దగ్గర కూతురితో ఎక్కువ మాట్లాడేవాడు.

స్టూడియోలో మాత్రం రాను రాను మాటలు తగ్గాయి. మొదటి నెల జట్టు తెచ్చిన ప్రతి వందలో డెబ్బై ఒకటి ఒరవడి వద్దంది. ఎనిమిదో నెలకు అది నాలుగుకు దిగింది.

"చూశారా, అందరూ జోగారావులైపోయారు," అని పద్మనాభరాజు మెచ్చుకున్నాడు.

హైమ ఆ నెల వచ్చినవన్నీ ఒక పూట కూర్చుని చూసింది. తప్పుపట్టడానికేమీ లేదు. అన్నీ చక్కగా, పొందికగా ఉన్నాయి. అన్నీ ఎక్కడో చూసినట్టే ఉన్నాయి. ఒరవడి ఏది ఒప్పుకుంటుందో జట్టుకు అలవాటైపోయింది. ఒప్పుకోదనుకున్నది ఎవరూ బల్లమీదికి తేవడంలేదు. ఎందుకు ఒప్పుకోదో తమలో తాము ప్రశ్నించుకోవడం కూడా మానేశారు.

శబ్దాలు రికార్డు చేసే తాతారావును ఆమె పిలిచింది. యాభై దాటిన మనిషి. పెదజాలారిపేటలో పుట్టాడు. మూడు ఆటల్లోనూ వినిపించే సముద్రం ఆయన పట్టుకొచ్చిందే.

"తాతారావుగారూ, ఈమధ్య కొత్త శబ్దాలేవీ తేవట్లేదేం?"

"పాతవి సరిపోతన్నాయి కదమ్మా."

"మీకు సరిపోతున్నాయా?"

"నాకేటి సరిపోవాలో ఇప్పుడు నాకే తెలీటం లేదమ్మా. చెవిలో ఏదన్నా బాగుందనుకునేలోగా, అది వద్దంటదేమో అని వచ్చేస్తంది బుర్రలోకి."

నిజంగా చిక్కు వచ్చింది ముగింపు దగ్గర. నాలుగో రేవులో ముఖ్యమైన మనిషి ఎర్రమ్మ. రేవుకీ ఎదుటి లంకకీ మధ్య బల్లకట్టు నడిపే ముసలిది. కథ చివర పొగమంచులో ఎవరినో వెతకడానికి చిన్న పడవ వేసుకుని సముద్రంలోకి పోతుంది. ఆ తర్వాత ఏమవుతుంది? జట్టు ముప్పై ఒక్క ముగింపులు రాసింది. ఎర్రమ్మ తిరిగొచ్చేవి ఇరవై. అవి ఒరవడికి సమ్మతమే కానీ, పాత ఆటల్లో వచ్చినట్టే ఉన్నాయని హైమకే నచ్చలేదు. ఎర్రమ్మ తిరిగిరానివి పదకొండు. పదకొండూ ఒరవడి వద్దంది. రంగు మార్చినా వద్దంది, మాట మార్చినా వద్దంది. మామూలుగా తప్పున్నచోట గీత గీసి చూపించే యంత్రం, వీటిలో మాత్రం తెరమొత్తం గీతలతో నింపేసింది.

"ఇలా ఎప్పుడూ చెయ్యలేదక్కా," అంది ఎస్తేరు. "ఎందుకో పాత రికార్డుల్లో వెతుకుతాను."

రెండు రోజులు పట్టింది. మూడోరోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె హైమను తన గదిలోకి పిలిచి తలుపు మూసింది.

"దీనికి మూలం జోగారావుగారి 'వద్దు'లే. రెండొందల పన్నెండు ఉన్నాయి. ఆరేళ్లలో వేరువేరు రోజులవి. కానీ అన్నీ ఒకేలాంటి సీన్లు. ఎవరో ఒకరు సముద్రం మీదకి వెళ్లి తిరిగిరాకపోవడం." ఆమె తెరమీద రెండు గీతలు చూపించింది. "ఇది ఆయన మామూలుగా వద్దన్నప్పటి నాడి. చూడు, కదల్లేదు. ఇది ఆ రెండొందల పన్నెండిట్లో ఒకటి."

రెండో గీత నిట్టనిలువుగా పైకి లేచింది. పదకొండు సెకన్లు ఊపిరి తీసుకున్న గుర్తే లేదు.

"ఇది నచ్చకపోవడం కాదక్కా," అంది ఎస్తేరు మెల్లగా. "భయం. దానికీ దీనికీ తేడా యంత్రానికి నేను నేర్పలేదు. నాకే తట్టలేదు."

హైమ తేదీలు చదివింది. ఒకటి చిత్రను బళ్లో వేసిన వారానికి. ఒకటి తమ పెళ్లిరోజున. ఆ రోజు సాయంత్రం ఇద్దరూ భీమిలి వెళ్లి నవ్వుకుంటూ చేపలు తిన్నారు. మధ్యాహ్నం ఆయన ఇలా ఊపిరి బిగబట్టి ఉన్నాడని ఆమెకు తెలియలేదు. పదమూడేళ్లు కాపురం చేసిన మనిషి గురించి తనకు తెలియనిది, స్టూడియో సొత్తుగా, ఒక పెట్టెలో భద్రంగా ఉంది. నలభై మంది దానికి లోబడి పనిచేస్తున్నారు. లోకమంతా దాన్నే గవ్వ ప్రత్యేకత అని మెచ్చుకుంటోంది.

ఆ సాయంత్రం చిత్ర కింద పిల్లలతో ఆడుకుంటుంటే హైమ ఆయనకు చెప్పేసింది. పని మానేసినవాళ్లకు బిళ్లల రికార్డుల సంగతి చెప్పకూడదని నియమం ఉంది. ఆమె దాన్ని లెక్కచెయ్యలేదు.

"మీ నాన్న జ్వరంతో పోయేడన్నావు," అంది.

బియ్యం కడుగుతున్న జోగారావు గిన్నె పక్కన పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"తెప్పమీద వెళ్లేడు," అన్నాడు. "బారువ అవతల మా ఊరు. నాకు ఎనిమిదేళ్లు. అమ్మ పదకొండు రోజులు ఇసకలో కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. వస్తాడు, వస్తాడు అనీది. పన్నెండో రోజు లేచి, చీర దులుపుకుని ఇంటికొచ్చీసింది. ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు. నన్ను హాస్టల్లో పడీసింది. అక్కడెవరో అడిగితే జ్వరమన్నాను. అదే ఉండిపోయింది."

"నాతో కూడా?"

"నీతో చెప్దామనే అనుకునీవాణ్ణి. ఎక్కడ మొదలెట్టాలో తెలీక..." ఆయన ఆగాడు. "ఆటల్లో అందర్నీ వెనక్కి తెచ్చీవాణ్ణి కదా. అదొక పద్ధతనుకున్నాను. నా పద్ధతి అని పత్రికల్లో రాస్తే నేనూ నమ్మేను."

తర్వాత ఆయనే అడిగాడు. "ఆ పదకొండిట్లో మంచిదేది?"

"మొత్తంలో పంతొమ్మిదో నంబరుది. ఎర్రమ్మ రాదు. ఊరంతా దీపాలు పట్టుకుని గట్టుమీద నిలబడుతుంది. పాట వస్తుంది."

ఆయన కళ్లు చెమర్చాయి. "అది బావుంది హైమా. ఇప్పుడైతే నేను ఒప్పుకుంటాను. అదే పెట్టండి. కావాలంటే వచ్చి చెప్తాను రాజుగారికి."

హైమకు ఒక్క క్షణం ప్రాణం లేచివచ్చినట్టయింది. మరుక్షణమే ఆమె తల అడ్డంగా ఊపింది.

"వద్దు. నువ్వు చెప్తే ఇంకేముంది? అక్కడ అది, ఇక్కడ నువ్వు. ఇంక మేమెందుకు?"

ఆయన నొచ్చుకున్నాడు. మళ్లీ బియ్యం గిన్నె అందుకున్నాడు.

పద్మనాభరాజు ఆ రెండు గీతల్నీ చాలాసేపు చూశాడు. మనిషి కటువుగా మాట్లాడతాడు కానీ చెడ్డవాడు కాదు.

"నాకూ బాధగానే ఉందండి. కానీ ఆ రికార్డులు స్టూడియోవేనని ఆయన సంతకం పెట్టాడు. ఇది తీసేస్తే రేపు అభిమానులేమంటారు? ఆ ఇద్దరూ పోయాక గవ్వ ఆటలు గవ్వ ఆటల్లా లేవంటారు. ఇన్ని కుటుంబాలు దీనిమీద ఉన్నాయి."

"ఇప్పుడు మాత్రం అవి గవ్వ ఆటలాండీ? ఒక మనిషి భయాన్ని కాపీ కొడుతున్నాం. ఆ మనిషి దాన్ని వదిలేసి పడవలు కట్టుకుంటున్నాడు. మనమే వదలట్లేదు."

"అయితే ఏం చెయ్యమంటారు?"

"ఒరవడిని ఆపేద్దాం. ముగింపు మేం తేలుస్తాం. తేల్చలేకపోతే గవ్వ గుల్లే అని నేనే ఒప్పుకుని వెళ్లిపోతాను."

ఆయన ఆరు వారాలు గడువిచ్చాడు.

మొదటి వారం ఘోరంగా గడిచింది. హైమ బల్లచుట్టూ అందరినీ కూర్చోబెట్టి ఒక్కొక్క ముగింపే చూపించింది. "మీకెలా అనిపిస్తే అలా చేద్దాం అక్కా," అన్నారు. ఒకమ్మాయి ఏడుపుమొహం పెట్టి, "నాకు ఏదీ అనిపించట్లేదు," అంది. ఇద్దరు వేరే స్టూడియోలో ఉద్యోగాలు చూసుకుని వెళ్లిపోయారు. పంతొమ్మిదో ముగింపే పెట్టేద్దామా అని హైమకు రోజుకు పదిసార్లు అనిపించేది. అది ఆమెకు నిజంగానే నచ్చింది. పైగా జోగారావు దాన్ని మెచ్చుకున్నాడని ఆమె ఒక్కదానికే తెలుసు.

మూడో వారంలో ఆమె ఇక ఉండబట్టలేక, "పంతొమ్మిది ఖాయం చేద్దామనుకుంటున్నాను. ఎవరికైనా అభ్యంతరమా?" అంది.

ఎస్తేరు రాసుకోవడానికి కలం తీసింది.

"వద్దమ్మా," అన్నాడు తాతారావు.

అందరూ తలలు తిప్పారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఎందుకు?" అంది హైమ. గొంతులో కొంచెం కోపం ఉంది.

"అబద్ధం కాబట్టి. మా పేటలో ఎవరన్నా రాకపోతే ఊరంతా దీపాలెట్టుకుని నిలబడరమ్మా. మొదటి రోజు నిలబడతారు. వెతుకుతారు. మూడోనాటికి వలలు కుట్టుకోవాల. పిల్లలకి అన్నమొండాల. ఆ మనిషి చెయ్యాల్సిన పని ఇంకొకలు చెయ్యాల. ఏడుపు ఆ పనిలోనే ఉంటది. మీరెట్టిన పాట... అది చూసేవోళ్లకి బాగుంటది. పోగొట్టుకున్నోళ్లకి కాదు."

"మీ ఇంట్లో ఎవరైనా..." అని ఎస్తేరు మధ్యలోనే ఆగిపోయింది.

"మా అన్న," అన్నాడు తాతారావు. "తొమ్మిదేళ్లు మీ ఆటలకి సముద్రం తెచ్చిచ్చేను. ఎప్పుడూ ఈ మాట ఎవలూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

"దీపాలు లేకపోతే చూసేవాళ్లకు అర్థంకాదేమో," అంది బొమ్మలు వేసే అమ్మాయి. అంతకుముందు ఏమీ అనిపించట్లేదన్నది ఆమే. "ఎందుకు కాదు?" అని ఇంకొకరు తగులుకున్నారు. ఆ మధ్యాహ్నం భోజనాలు చల్లారిపోయాయి. గొడవ నాలుగింటిదాకా సాగింది. ఒకరు విసురుగా లేచి బయటికి పోయి, కాసేపటికి మళ్లీ వచ్చి కూర్చున్నారు. తన ముగింపు కళ్లముందే ముక్కలవుతుంటే హైమకు కష్టంగానే ఉంది. ఆపలేదు.

నాలుగో రేవు శ్రావణంలో విడుదలైంది. పాత అభిమానుల్లో చాలామంది మండిపడ్డారు. ఎర్రమ్మను చంపేశారన్నారు, ఇది రేవే కాదన్నారు. జోగారావు ఉంటే ఇలా జరిగేది కాదని వందల ఉత్తరాలు వచ్చాయి. అది నిజమే కాబట్టి హైమ దేనికీ జవాబివ్వలేదు. కొంతమంది మాత్రం వేరేలా రాశారు. ఆటను పొగడలేదు. తమ ఇంట్లో పోయినవాళ్ల పేర్లు రాసి పంపారు. తాతారావు వాటిని అడిగి తీసుకుని చదువుకునేవాడు. ఫరీదా పెడన నుంచి, "సముద్రం రంగు నేనైతే ఇలా వెయ్యను. ఎవరు వేశారు? బాగుంది," అని కబురు పంపింది.

ఆ రెండొందల పన్నెండు క్షణాలూ తుడిచెయ్యమని జోగారావు అర్జీ పెట్టుకున్నాడు. అవి స్టూడియో ఆస్తి అని లాయర్లు అంటున్నారు. ఒరవడిని కొనడానికి బయటి కంపెనీలు అడుగుతున్నాయి. పద్మనాభరాజు అమ్మనూ లేదు, తుడవనూ లేదు. ఆ పెట్టెకు తాళం వేసి, తాళంచెవి హైమకిచ్చాడు. ఆ వ్యవహారం ఇంకా తేలలేదు.

ఆటను ఆడడానికి జోగారావు నెల్లాళ్లు తీసుకున్నాడు. ఒక ఆదివారం పొద్దున్న చిత్రను పక్కన కూర్చోబెట్టుకుని చివరిదాకా ఆడాడు. హైమ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఎర్రమ్మ పడవ పొగమంచులోకి పోయింది. తెరమీద పొద్దు పొడిచింది. గట్టుమీద కొందరు నిలబడ్డారు. ఇంకో పొద్దు పొడిచింది. నిలబడ్డవాళ్లు తగ్గారు. జోగారావు ఊపిరి బిగబట్టి, మెల్లగా వదలడం హైమకు అక్కణ్ణుంచే తెలిసింది.

"ఎర్రమ్మ ఇంక రాదా నాన్నా?" అంది చిత్ర.

"రాదమ్మా."

"దీపాలు లేవేంటి?" అన్నాడాయన హైమవైపు తిరిగి.

"వద్దన్నారు," అంది హైమ.

తెరమీద బల్లకట్టు దగ్గర జనం పోగవుతున్నారు. కూరగాయల గంపలు, బడిపిల్లలు, ఒక మేక. లంకకు పోవాలి వాళ్లంతా.

"మరి వీళ్లని ఎవరు దాటిస్తారు?" అంది చిత్ర.

జోగారావు తన చేతిలోని కంట్రోలరు కూతురి చేతికిచ్చాడు. చిత్ర బల్లకట్టు తాడు విప్పింది.